పార్క్‌ఫీల్డ్ లెక్క ఎందుకు తప్పింది?

అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ (భూమి పొరల్లో రెండు వైపులా నేల జరిగే పెద్ద పగులు) మీద పార్క్‌ఫీల్డ్ అనే చిన్న పల్లె ఉంది. 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో అక్కడ 6కు అటూ ఇటూ తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. సగటున 22 ఏళ్లకొకటి. పైగా 1934లోనూ 1966లోనూ అసలు భూకంపానికి దాదాపు 17 నిమిషాల ముందు 5.1 తీవ్రతతో ఒక కుదుపు. ఇంత పోలిక కనిపిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1985లో అధికారికంగానే చెప్పింది: 1993 లోపు మరొకటి రావడానికి 95 శాతం అవకాశం ఉందని. బోర్లు వేసి పరికరాలు దించారు. ఫాల్ట్‌కు రెండు వైపులా నేల ఎంత జరుగుతోందో లేజర్‌తో కొలిచారు. బావుల్లో నీటిమట్టం మీద కూడా కన్నేశారు.

1993 వెళ్లిపోయింది. భూకంపం 2004 సెప్టెంబరు 28న వచ్చింది. తీవ్రత అనుకున్నట్టే 6. కానీ ముందు ఆ 5.1 కుదుపు లేదు, పరికరాల్లో నమ్మదగ్గ సూచనా లేదు. 1966లో వాయవ్యం నుంచి మొదలైన చీలిక, ఈసారి ఆగ్నేయం నుంచి మొదలై ఎదురు దిశలో సాగింది.

నిజానికి 1934 భూకంపమే సగటు కంటే పదేళ్లు ముందొచ్చింది. దాన్ని మినహాయింపుగా పక్కనపెట్టి లెక్క కట్టారు. ఆరు సంఘటనల్లో ఒకదాన్ని పక్కనపెడితే మిగిలేదెంత? నాకు అసలు లోపం అక్కడే కనిపిస్తుంది.

భూకంపాలకు లెక్క లేదని కాదు. అనంతర ప్రకంపనలు రోజులు గడిచేకొద్దీ ఏ తీరున తగ్గుతాయో జపాన్ శాస్త్రవేత్త ఒమోరి 1894లోనే చూపించాడు. తీవ్రత ఒక అంకె తగ్గితే భూకంపాల సంఖ్య సుమారు పదింతలవుతుందని 1940లలో భూకంప శాస్త్రవేత్తలు గుటెన్‌బర్గ్, రిక్టర్ తేల్చారు. ఈ సూత్రాలు నేటికీ నిలిచాయి. అయితే అవి గుంపు గురించి చెబుతాయి, రాబోయే ఒక్కదాని తేదీ చెప్పవు.

మన గోదావరి లోయలో 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మధ్యలో 55 ఏళ్లు. దానికి ఇంకో 55 కలిపి తేదీ చెప్పేవాళ్లను దయచేసి నమ్మకండి.

గతం ఆధారంగా ఏ ప్రాంతానికి ఎంత ముప్పో మ్యాపులు గీస్తారు, ఇళ్ల నిర్మాణ నిబంధనలు వాటినిబట్టే ఉంటాయి. అవీ తప్పొచ్చు. మహారాష్ట్రలోని కిల్లారి అతి తక్కువ ముప్పున్న జోన్-1లో ఉండేది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారకముందే అక్కడ మట్టితో కట్టిన రాతిగోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. దాదాపు పదివేల మంది చనిపోయారు. 2002లో మ్యాపు సవరించినప్పుడు జోన్-1నే తీసేశారు.