ఓడ ఎక్కబోయే మనవలకు

హైదరాబాద్

చిరంజీవులైన మనవలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. వేసవి సెలవుల్లో మీరంతా సింగపూర్ వెళ్లి అక్కడ ఓడ ఎక్కుతున్నారని, తన కూతురు బుజ్జిని కూడా తీసుకెళ్తున్నారని మీ పిన్ని ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. "షుగర్ ఉన్న పిల్ల, పైగా పల్లీలు పడవు, నడిసముద్రంలో ఏమన్నా అయితే ఎట్లా?" అని చుట్టాలు అప్పుడే మొదలుపెట్టారు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ భయంతో పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. బుజ్జి ఓడ ఎక్కాలి. ఓడ మీద ఎక్కువసేపు దాని పక్కన ఉండేది మీరే కాబట్టి, పెద్దవాళ్లతో పాటు మీకూ కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

బుజ్జికి ఉన్న టైప్ 1 డయాబెటిస్ మీ తాతయ్య షుగర్ లాంటిది కాదు. చాక్లెట్లు తినడం వల్ల రాలేదు. రోగాలతో పోరాడాల్సిన ఒంటి రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడి వాటిని నాశనం చేసింది. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టేదాకా ఇలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. 1922 జనవరిలో ఆ ఇంజెక్షన్ మొదటగా తీసుకున్న లియోనార్డ్ థాంప్సన్ కూడా పిల్లవాడే. "స్వీట్లు బాగా తినేదా?" అని ఎవరన్నా బుజ్జి గురించి అడిగితే మీరు ఊరుకోకండి. కాదని మర్యాదగా చెప్పండి.

పల్లీల విషయంలోనూ తప్పు ఆ రక్షణ వ్యవస్థదే. హాని లేని పల్లీ గింజను శత్రువు అనుకుని ఒళ్లంతా యుద్ధం చేస్తుంది. మన ఊళ్లో పుట్టడం వల్ల బుజ్జికి ఇందులో మంచి తర్ఫీదు దొరికింది. బిర్యానీ పక్కన పెట్టే మిర్చీ కా సాలన్‌లో పల్లీలు ఉంటాయి, బగారా బైంగన్‌లో ఉంటాయి, టిఫిన్ సెంటర్ చట్నీలో ఉంటాయి. కంటికి కనిపించకుండా నూరి కలిపేస్తారు. అందుకే అది ఏదైనా ముట్టుకునే ముందు అడుగుతుంది.

ఈ రెండూ ఒకే పిల్లకు ఉంటే కష్టం ఎక్కడొస్తుందో నేను ఒక పెళ్లిలో కళ్లారా చూశాను. భోజనాలు ఆలస్యమయ్యాయి. బుజ్జి మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట, వేళ్లు వణుకుతున్నాయి. షుగర్ పడిపోయిందని అందరికీ అర్థమైంది. పక్కన కూర్చున్న పెద్దావిడ పాపం ఎంతో ఆదుర్దాగా తన సంచిలోంచి ఏదో తీసి "తీపి తిను తల్లీ" అని చేతిలో పెట్టింది. అది పల్లీ చిక్కి. బుజ్జి ఆ వణికే చేత్తోనే దాన్ని ఆవిడకు తిరిగిచ్చేసి, తన చిన్న పర్సు జిప్పు తీసి గ్లూకోజ్ బిళ్లలు నోట్లో వేసుకుంది. ఒక జబ్బుకు మందయ్యే తీపి రెండో జబ్బుకు విషం కావచ్చు. కాబట్టి ఆ పర్సు ఎప్పుడూ దాని నడుముకే ఉండాలి. మీలో ఒక్కొక్కరి జేబులోనూ అవే బిళ్లలు ఉండాలి. ఓడలో ఎవరన్నా జాలిపడి బాదం పాలో చాక్లెట్టో ఇస్తే వద్దని చెప్పడం మీ వంతు.

షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. చేతికి అంటించిన సెన్సర్ చూపే అంకె కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. పిల్ల వణుకుతుంటే అంకెను నమ్ముకుని కూర్చోకుండా వేలికి సూది గుచ్చి చూడమనండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, పెట్టొద్దు. అప్పుడు షుగర్ పెంచే గ్లూకగాన్ మందు ఇవ్వాలి, అది మీ పిన్ని, బాబాయి చూసుకుంటారు. మీరు పరుగెత్తి వాళ్లను పిలవండి.

ఇక ఓడ సంగతి. అక్కడ తిండి చూస్తే మీకు మతిపోతుంది, బఫే పొద్దున్నుంచి రాత్రిదాకా నడుస్తూనే ఉంటుంది. నా భయమల్లా దాని గురించే. ఒక గిన్నెలో గరిటె ఇంకో గిన్నెలోకి పోతుంది. ఆ ప్రాంతంలో సాతే అనే మాంసం పుల్లలకు పల్లీల సాస్ పోస్తారు. ఆ సాస్ అంటిన గరిటె అన్నంలో పడిందంటే ఎవరికీ తెలియదు. అందుకే బుజ్జి బఫేలో తినకుండా టేబుల్ దగ్గరికి వడ్డించే భోజనశాలలో తినడం మేలు. అలర్జీ సంగతి మీ బాబాయి టికెట్లు తీసుకున్నప్పుడే రాసిచ్చాడు. మొదటిరోజే అక్కడి హెడ్ వెయిటర్‌ను కలిసి మళ్లీ చెప్పాలి. చాలా ఓడల్లో మర్నాటి మెనూ ముందురోజు రాత్రే చూపించి, ఏది వద్దో చెప్పమంటారు.

అక్కడ ఇంకో మెలిక ఉంది. భోజనానికి కాస్త ముందు ఇన్సులిన్ వేసుకోవడం బుజ్జికి అలవాటు. టేబుల్ దగ్గర కూర్చున్నాక పళ్లెం ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. ఇన్సులిన్ వేశాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. సముద్రం ఊగి కడుపులో తిప్పి, తిన్నది వాంతి అయినా అంతే. కాబట్టి పళ్లెం కళ్లబడ్డాకే సూది తీయాలని, కడుపు బాగాలేని రోజు ఏం చేయాలో డాక్టరు దగ్గర ముందే రాయించుకోవాలని మీ పిన్ని నిర్ణయించుకుంది. గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకున్నదీ ఇందుకే. అక్కడ ఊపు తక్కువ.

ఈత కొలనులో గంటలకొద్దీ ఆడతారని నాకు తెలుసు. ఆటకు షుగర్ తగ్గుతుంది, ఆట ఆగిన చాలా గంటల తర్వాత, నిద్రలో కూడా తగ్గొచ్చు. ఆడుకోండి, మధ్యలో బయటికొచ్చి ఒకసారి చూసుకోండి. ఇంట్లో అయితే బుజ్జి షుగర్ మీ పిన్ని ఫోన్‌లో కనిపిస్తుంది కదా, సముద్రం మీద ఇంటర్నెట్ లేకపోతే అది ఆగిపోతుంది. సెన్సర్ నుంచి బుజ్జి ఫోన్‌కి బ్లూటూత్‌లో వస్తుంది కానీ అమ్మ ఫోన్‌కి పోదు. ఓడ వైఫై కొనమని చెప్పాను. అది పనిచేయని వేళ మీరే కబురు మోయాలి.

మందులు శంషాబాద్‌లో చెక్-ఇన్ సామాన్లో వేయొద్దు. విమానం కింది అరలో చలికి ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు. కావలసినదానికి రెట్టింపు తీసుకుని, రెండు చేతిసంచుల్లో సగం సగం పెట్టి, డాక్టరు చీటీ జతచేయాలి. ఓడ గదిలోని చిన్న ఫ్రిజ్‌ను నమ్మలేం, ముందుగా అడిగితే మందులకు వేరే ఫ్రిజ్, వాడిన సూదులు వేసే డబ్బా ఇస్తారు. ఓడలో డాక్టరు ఉంటాడు కానీ అది పెద్ద ఆసుపత్రి కాదు. అవసరమైతే ఒడ్డుకు తరలించే ఖర్చు, ముందునుంచీ ఉన్న జబ్బులు రెండూ బీమాలో ఉన్నాయని మీ బాబాయి చూశాడు. ఇంట్లో చేసిన సకినాలు, లడ్డూలు కట్టమని నన్ను అడగకండి. ఇంటి తిండిని చాలా ఓడలు లోపలికి రానివ్వవు.

ఇక అడ్రినలిన్ పెన్ను, అంటే అలర్జీ ముదిరినప్పుడు గుచ్చే అత్యవసర ఇంజెక్షన్. పల్లీ తగిలాక పెదవులు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా ఆలోచించకుండా తొడ బయటి వైపు, బట్టల మీదుగానే గుచ్చాలి. ఆ మందుకు షుగర్ పెరుగుతుంది, అయినా వెనకాడొద్దు. షుగర్‌ను తర్వాత దించుకోవచ్చు. పిల్లను నడిపించకుండా పడుకోబెట్టాలి, ఊపిరి కష్టమైతే కూర్చోబెట్టాలి. తగ్గకపోతే రెండోది వేయాల్సి రావచ్చు, అందుకే రెండు పెన్నులు. మన మందుల షాపుల్లో ఇది అంత తేలిగ్గా దొరకదు, మీ బాబాయి బయటి దేశం నుంచి తెప్పించాడు.

సూది లేని శిక్షణ పెన్ను కూడా దానితో వచ్చిందట. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు అది మరిచిపోకుండా తీసుకురండి. ఒక్కొక్కరూ దిండు మీద గుచ్చి చూపించాలి. చిన్నవాడు కూడా.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ