వెన్నులో సూది భయంతో వాయిదా పడుతున్న బయాప్సీ: అపోహలు - వాస్తవాలు

ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ రక్తస్రావం కనిపించిన స్త్రీకి డి అండ్ సి (గర్భాశయ ముఖద్వారాన్ని వెడల్పు చేసి గర్భసంచి లోపొరను గీకి తీయడం) చేసి ఆ పొరను బయాప్సీకి, అంటే ల్యాబ్ పరీక్షకు, పంపాలని గైనకాలజిస్టు చెప్పగానే, మత్తు డాక్టరునైన నన్ను అడిగే మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు, నడుము గురించి.

అపోహ: వెన్నుకు మత్తు సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పి తప్పదు.

వాస్తవం: పది పదిహేను నిమిషాల ఈ ప్రక్రియకు చాలామందికి వెన్నులో సూది అవసరమే రాదు, చేతి నరంలోకి ప్రోపోఫాల్ వంటి మందు ఇస్తే నిమిషంలోపే నిద్ర పడుతుంది, ఆపిన కాసేపటికే మెలకువ వస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు వంటి కారణాలతో వెన్నులో ఇవ్వవలసి వచ్చినా, వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన, చాలా సన్నని సూదితో ఇస్తాము. గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. కొందరికి లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. కాన్పులో ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో సన్నని గొట్టం ద్వారా ఇచ్చే మత్తు) తీసుకున్నవారిని, తీసుకోనివారిని పోల్చిన అధ్యయనాల్లో దీర్ఘకాలపు నడుము నొప్పి ఇద్దరిలోనూ దాదాపు సమానంగానే కనిపించింది. గర్భం మోసిన నెలలూ, బిడ్డను వంగి ఎత్తుకున్న ఏళ్లూ ఎవరికీ గుర్తుండవు, సూది మాత్రం గుర్తుంటుంది.

వెన్నులో సూది గురించి తోడికోడలి మాట నమ్మి నెలల తరబడి రక్తస్రావాన్ని దాచుకున్న ఒకావిడకు, ముందు రక్తం ఎక్కించి ఆ తరువాతే మత్తు ఇవ్వవలసి వచ్చింది. ఆమె భయాన్ని నేను తప్పుపట్టను, ఆ భయాన్ని ఇంటింటికీ పంచేవారిపైనే నా విసుగంతా. ముట్లు ఆగాక రక్తస్రావమయ్యేవారిలో సుమారు పదిమందికి ఒకరిలో గర్భసంచి క్యాన్సర్ బయటపడుతుంది. తొలి దశలోనే తెలిస్తే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

"చిన్న ప్రక్రియే కదా, కాఫీ తాగితే ఏమిటి?" అనేవారికి: పాలు కలిసిన కాఫీ మాకు ఆహారంతో సమానం, ఆరు గంటల ముందే ఆపాలి, మంచినీళ్లయితే సాధారణంగా రెండు గంటలు చాలు. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం కనుక, కాఫీ తాగి ఉంటే దాచకుండా చెప్పాలి.

"కాన్పులు ఓర్చినదానికి ఇదెంత?" అన్నది బంధువులే కాదు, అప్పుడప్పుడు సిబ్బంది కూడా అనే మాట. మత్తు లేకుండా ఓపీలోనే సన్నని గొట్టంతో చేసే బయాప్సీలో కొందరికి ముట్టునొప్పి వంటిదే కాసేపు ఉంటుంది, కొందరికి తీవ్రంగానే ఉంటుంది. ముందుగా నొప్పి మాత్ర, గర్భాశయ ముఖద్వారం వద్ద మత్తు ఇంజెక్షన్ అడగవచ్చు. మధ్యలో "ఆపండి" అంటే డాక్టరు ఆపాలి, మరో రోజు మత్తుతో చేయించుకోవచ్చు.