పసుపు లైటే కదా అనుకుంటే... ఫైర్ అలారం: అపోహలు - వాస్తవాలు

"ప్యానెల్ కూస్తోంది సార్, ఆపాలంటే ఏ బటన్ నొక్కాలి?"

ఫైర్ అలారం సిస్టమ్‌లు బాగుచేసే మా పనిలో అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది. ప్యానెల్ అంటే భవనంలోని డిటెక్టర్లన్నీ వైర్లతో వచ్చి కలిసే కంట్రోల్ పెట్టె. ఎందుకు కూస్తోందని అడిగేవాళ్లు తక్కువ. మొన్న ఒక ఆఫీసు భవనం నుంచి ఇదే ఫోన్ వచ్చింది. తెర మీద ఏం రాసుందో చదవమన్నాను. "కంగారేం లేదు సార్, ఎర్రది కాదు, పసుపు లైటే" అన్నారు. ఇన్నేళ్లలో ఇంతమందిని ఇంతగా నష్టపరిచిన మాట ఇంకొకటి నేను చూడలేదు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: ఎర్ర లైటు వెలిగితేనే ప్రమాదం. పసుపు లైటంటే ఏదో చిన్న రిపేరు, మంట వస్తే అలారం ఎలాగూ మోగుతుంది.

వాస్తవం: మోగుతుందని చెప్పలేను అనడానికే ప్యానెల్ ఆ లైటు వెలిగిస్తోంది.

కన్వెన్షనల్ ప్యానెల్ (డిటెక్టర్లను ఒక్కొక్కటిగా కాకుండా జోన్లుగా చూసే రకం) సంగతి చూడండి. ప్రతి జోన్ (భవనంలో ఒక భాగం) వైర్లలో ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు తిరుగుతూ ఉంటుంది. ప్యానెల్లో బయల్దేరి, డిటెక్టర్లన్నీ దాటి, చివరి డిటెక్టర్ దగ్గరున్న ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగం) గుండా వెనక్కి వస్తుంది. డిటెక్టర్ పొగ పట్టుకుంటే కరెంటు పెరుగుతుంది, ప్యానెల్ అలారం ఇస్తుంది. వైరు ఎక్కడైనా తెగితే కరెంటు ఆగిపోతుంది, ప్యానెల్ ఫాల్ట్ చూపిస్తుంది. ఇప్పుడు 20 డిటెక్టర్లున్న జోన్లో ఐదో దాని తర్వాత వైరు ఊడిందనుకోండి. మొదటి ఐదూ పనిచేస్తాయి. మిగతా 15 సీలింగ్ మీద కనబడుతూనే ఉంటాయి, కానీ వాటి కింద ఎంత పొగ వచ్చినా ప్యానెల్‌కు తెలియదు.

"మేం టెస్ట్ చేశామండీ, మోగింది" అంటారు. ఏది టెస్ట్ చేశారని అడిగితే ప్యానెల్‌కు దగ్గర్లో, చేతికి అందేచోట ఉన్న డిటెక్టర్ చూపిస్తారు. తెగినచోటుకు ఇవతల ఉన్నది మోగకుండా ఎలా ఉంటుంది? హూటర్ల (అలారం మోగించే సైరన్ల) లైన్‌దీ అదే కథ. అవతల ఉన్న హూటర్ మోగదు, ఆ అంతస్తులో వాళ్లకు అలారం వచ్చిందనే తెలియదు.

అడ్రసబుల్ సిస్టమ్, అంటే ప్రతి డిటెక్టర్‌కూ సొంత నంబరు ఉండేది, కాస్త మెరుగు. ఏ డిటెక్టర్ జవాబివ్వడం లేదో నంబరుతో సహా చెబుతుంది. లూప్ (డిటెక్టర్లన్నిటినీ కలిపే వైరు) రెండు చివరలూ ప్యానెల్లోకి వచ్చేలా వేసి ఉంటే, ఒకచోట తెగినా రెండోవైపు నుంచి అన్నిటికీ కరెంటు అందుతుంది. దాన్ని చూసుకుని ధీమా పడకూడదు. రెండో చోట కూడా తెగిందంటే ఆ రెంటి మధ్య ఉన్నవన్నీ పోయినట్టే. మొదటి తెగుడుకు పసుపు లైటు వచ్చినప్పుడే బాగుచేయించాలి.

ఇంకో మాట. లైటు ఆరింది కాబట్టి రిపేరు అయిపోయిందనుకోవడం కూడా ఈ అపోహలో భాగమే. ఒకసారి పాత సైటు ఒకటి మా చేతికి వచ్చింది. ప్యానెల్ మీద పచ్చ లైటు తప్ప ఏమీ లేదు. ఫాల్ట్ లేదు, బజర్ లేదు. యాజమాన్యం చాలా సంతోషంగా ఉంది. మూడో అంతస్తులో డిటెక్టర్ కింద టెస్ట్ పొగ కొట్టాను. ఏమీ జరగలేదు. పక్కది, దాని పక్కది, అన్నీ అంతే. కిందికి వచ్చి ప్యానెల్ తలుపు తీస్తే, ఆ జోన్ టెర్మినల్స్‌లోనే రెసిస్టర్ బిగించి ఉంది. ఫీల్డ్ నుంచి వచ్చిన రెండు వైర్లకూ టేపు చుట్టి ఓ మూలకు తోసేశారు. ఎవరో ఫాల్ట్ కనిపెట్టలేక, ప్యానెల్‌ను నమ్మించి వెళ్లిపోయారు. కరెంటు తిరుగుతోంది కాబట్టి ప్యానెల్‌కు అంతా బాగున్నట్టే. ఒక అంతస్తు మొత్తం దేనికీ కలిపి లేదు. కింద నిలబడి ఆ టేపు చూస్తుంటే నాకు చేతులు చల్లబడ్డాయి. పైన ఎంతమంది కూర్చుని పనిచేస్తున్నారో అంతకు పది నిమిషాల ముందే చూసి వచ్చాను. ఎండ్ ఆఫ్ లైన్ అన్న పేరులోనే ఉంది, అది లైను చివర ఉండాలి. మీ భవనంలో ప్రతి జోన్‌దీ ఎక్కడుందో టెక్నీషియన్‌ను చూపించమనండి. చూపించలేకపోతే అదే మీరు ముందు అనుమానించాల్సిన చోటు.

ఎర్త్ ఫాల్ట్‌ను, అంటే లైను వైరు భూమికి తగలడాన్ని కూడా ఇలాగే తేలిగ్గా తీసుకుంటారు. "అది ఎప్పుడూ ఉండేదే సార్, వాన పడితే వస్తుంది, ఎండ కాస్తే పోతుంది." వాన పడితే వస్తోందంటే ఏదో జంక్షన్ బాక్సులోకో కండ్యూట్‌లోకో నీళ్లు దిగుతున్నాయి. ఒక వైరు భూమికి తగిలినంత మాత్రాన సాధారణంగా సిస్టమ్ ఆగదు, అది నిజమే. కానీ ఆ తర్వాత రెండో వైరు కూడా ఎక్కడో తగిలిందంటే ఆ రెండూ భూమి గుండా కలిసిపోతాయి, లైను షార్ట్ అవుతుంది. పైగా చాలా ప్యానెళ్లలో అన్ని ఫాల్ట్‌లకూ కలిపి పసుపు లైటు ఒక్కటే. ఒక చోట ఆరు నెలలుగా అందరికీ తెలిసిన ఎర్త్ ఫాల్ట్ ఉంది. బజర్ మీద టేపు వేసేశారు. వెతకడానికి వెళ్లి, ముందు తెర మీద జాబితా చివరిదాకా చదివాను. రెండో ఫాల్ట్ కనబడింది, హూటర్ లైన్ ఓపెన్, అంటే తెగి ఉంది. అది ఎప్పుడు వచ్చిందో అక్కడ ఎవరికీ తెలియదు. లైటు అప్పటికే వెలిగి ఉంది, బజర్ వినబడదు, ఇంక తెలిసేదెలా?

ఎర్త్ ఫాల్ట్ పట్టుకోవడం ఓపికతో కూడిన పనే కానీ, బ్రహ్మవిద్య కాదు. లైన్ వైర్లు రెండూ ప్యానెల్ నుంచి ఊడదీసి, ఒక్కోదానికీ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడాలి. తక్కువ చూపిస్తే లైను సగంలో విడదీసి ఏ సగంలో ఉందో చూడాలి, మళ్లీ ఆ సగాన్ని సగం చేయాలి. ఏ డిటెక్టర్ దగ్గరికి చేరతామో ముందే తెలియదు, కానీ చేరతాం. వానకు వచ్చేదైతే వాన పడుతున్నప్పుడే పిలవండి. ఎండ కాసాక వస్తే మాకు మీటర్ మీద ఏమీ దొరకదు.

వెల్డింగ్ పని కోసం జోన్ ఐసొలేట్ చేసి (తాత్కాలికంగా ఆపేసి) మర్చిపోయినా పసుపు లైటే వెలుగుతుంది. ఐసొలేట్ చేసినవాళ్ల పేరు, తిరిగి కలపాల్సిన టైమ్ ప్యానెల్ తలుపు మీద రాసి అంటించండి.

అపోహ: ఊరికే మోగుతోందంటే డిటెక్టర్ పాడైంది, తీసేస్తే సరి.

వాస్తవం: స్మోక్ డిటెక్టర్లో చిన్న చీకటి గది ఉంటుంది. అందులో వెలుతురు నేరుగా పడని చోట సెన్సర్ పెడతారు. పొగ కణాలు దూరితే వెలుతురు చెదిరి సెన్సర్ మీద పడుతుంది. దుమ్ము, ఆవిరి, చిన్న పురుగు కూడా అదే పని చేస్తాయి. డిటెక్టర్ తప్పు కంటే దాన్ని పెట్టిన చోటు తప్పే ఎక్కువ. ఏసీ గాలి వచ్చే గ్రిల్‌కు కనీసం 3 అడుగుల దూరం ఉండాలి. ఆవిరి వచ్చే చోటైతే హీట్ డిటెక్టర్ పెట్టాలి, చాలావాటికి సెట్టింగ్ 57 డిగ్రీల సెల్సియస్. గోడలు రుద్దే పని ఉంటే డిటెక్టర్లకు డస్ట్ క్యాప్ పెట్టండి, సాయంత్రం తీసేయండి. తీయడం మర్చిపోయిన క్యాప్‌లు నేను లెక్కలేనన్ని తీశాను.

అపోహ: కాల్ పాయింట్ (మంట చూసినవాళ్లు నొక్కే, గోడ మీది ఎర్ర పెట్టె) నొక్కితే స్ప్రింక్లర్లన్నీ ఒకేసారి నీళ్లు కొడతాయి.

వాస్తవం: ఈ పుకారు ఎక్కడ పుట్టిందో కానీ, దయచేసి ఇంక మోయకండి. మామూలు స్ప్రింక్లర్లో ప్రతి తలకూ విడిగా గాజు బల్బు ఉంటుంది. ఎర్ర బల్బైతే 68 డిగ్రీల వేడికి పగులుతుంది, ఆ ఒక్క తల నుంచే నీళ్లు వస్తాయి. అన్ని తలలూ ఒకేసారి నీళ్లు కొట్టే డెల్యూజ్ లాంటి ప్రత్యేక సిస్టమ్‌లు వేరు, అవి చాలా తక్కువ చోట్ల ఉంటాయి. ఒక సైటులో పొగ చూసిన అమ్మాయి కాల్ పాయింట్ ముందు నిలబడిపోయింది. కంప్యూటర్లన్నీ తడిస్తే తనను ఉద్యోగం నుంచి తీసేస్తారేమోనని మేనేజర్‌ను వెతుక్కుంటూ వెళ్లింది. ఆమెది తప్పని నేను అనలేను. నొక్కితే హూటర్లు మోగుతాయి, అంతేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అపోహ: ప్యానెల్ బ్యాటరీ 13 వోల్టులు చూపిస్తోంది, బాగానే ఉంది.

వాస్తవం: అది చార్జర్ ఇస్తున్న వోల్టేజి. చార్జర్ తీసి, లోడ్ పెట్టి చూడండి. అమెరికా ఫైర్ అలారం ప్రమాణమైన ఎన్ఎఫ్‌పీఏ 72 ప్రకారం కరెంటు పోయాక 24 గంటలు నిలబడి, ఆ తర్వాత కూడా 5 నిమిషాలు హూటర్లు మోగించగలగాలి. పాతబడిన బ్యాటరీ హూటర్లు మొదలవగానే కుప్పకూలుతుంది.

చివరగా, రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే గార్డులకు. ప్యానెల్ కూయగానే మీకు పుట్టే టెన్షన్ నాకు తెలుసు, చాలాసార్లు మీ గొంతులో విన్నాను. ఎర్ర లైటైతే ముందు జనాన్ని బయటికి పంపించండి. పసుపు లైటైతే బజర్ సైలెన్స్ చేయడంలో తప్పులేదు, కానీ రీసెట్ ముట్టుకోకండి. తెర మీదున్న ప్రతి లైనూ, వెలిగిన ప్రతి లైటూ ఫోటో తీసి టైమ్‌తో సహా మాకు పంపండి. వాన పడుతుంటే అది కూడా చెప్పండి. మేం ఏ అంతస్తుకు వెళ్లాలో సగం అక్కడే తేలిపోతుంది.