ఆగగలిగినవాడిదే ధర

వనామీ రొయ్య పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రపు తూర్పు తీరం. మెక్సికో నుంచి పెరూ ఉత్తర భాగం దాకా ఉన్న వెచ్చని నీళ్లు. 2009 వరకూ మన దేశంలో దాన్ని వాణిజ్యంగా సాగు చేయడానికి అనుమతి లేదు. ఇవాళ భీమవరం, ఆకివీడు, కైకలూరు, అమలాపురం, నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల చెరువు అంటే దాదాపుగా వనామీ చెరువే. దేశంలో సాగయ్యే రొయ్యల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. వాటిలో ఎక్కువ భాగాన్ని తినేది మాత్రం మనం కాదు.

సరుకులూ పెట్టుబడులూ పరిజ్ఞానమూ దేశాల సరిహద్దులు దాటి తిరగడాన్ని ప్రపంచీకరణ అంటారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజమే, కానీ సరుకులు సముద్రాలు దాటడం మనకు కొత్త కాదు. 17వ శతాబ్దంలోనే మచిలీపట్నం అద్దకపు బట్టలు డచ్చివాళ్ల, ఇంగ్లీషువాళ్ల ఓడలెక్కి అటు జావాకూ ఇటు ఐరోపాకూ వెళ్లాయి. అప్పుడు ఒక తీరంలో ధర మారితే ఆ కబురు రెండో తీరానికి చేరడానికి నెలలు పట్టేది. ఇప్పుడు గంటలు చాలు. ఎక్కడో జరిగిన ఒక నిర్ణయం, ఎక్కడో పుట్టిన ఒక రోగం అంత వేగంగా ఇంకొకరి రాబడిని మార్చేస్తాయి. ఈ కొత్తదనం అర్థం కావాలంటే గోదావరి జిల్లాల రొయ్యల చెరువును దగ్గరగా చూడాలి.

మొదట ఈ రొయ్య ఇక్కడికి ఎలా వచ్చిందో చూద్దాం. 1990ల మొదట్లో మన తీరంలో టైగర్ రొయ్య సాగు జోరుగా సాగింది. దానికి తల్లి రొయ్యలను సముద్రం నుంచి పట్టి తెచ్చేవారు. ఆ తల్లులతోపాటే వైరస్ కూడా చెరువుల్లోకి వచ్చేది. తైవాన్, చైనాల్లో బయటపడ్డ తెల్లమచ్చ రోగం 1994లో మన తీరాన్ని తాకింది. సోకిన చెరువులు రోజుల్లోనే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులు మాత్రం మిగిలాయి.

వనామీతో లెక్క మారింది. అమెరికాలో, ముఖ్యంగా హవాయిలో, పరిశోధకులు దీన్ని తరాల తరబడి తొట్లలోనే పెంచి, కొన్ని ముఖ్యమైన రోగకారకాలు లేని వంశాలను తయారు చేశారు. వీటికి రోగం రాదని కాదు, వెంట రోగాన్ని తీసుకురావని మాత్రమే అర్థం. అయినా అదే పెద్ద మార్పు. పైగా టైగర్ ఎక్కువగా అడుగున తిరుగుతుంది. వనామీ అడుగు నుంచి పై దాకా నీరంతా వాడుకుంటుంది కాబట్టి అదే విస్తీర్ణంలో ఎక్కువ పిల్లను వదలవచ్చు. మేతలో మాంసకృత్తులు తక్కువైనా పెరుగుతుంది. అన్నిటికీ మించి, ఉప్పు బాగా తక్కువగా ఉన్న నీటిలోనూ బతుకుతుంది. సముద్రానికి చాలా దూరంలో, నిన్నటిదాకా వరి పండిన పొలాల్లో చెరువులు వెలియడానికి ఈ జీవలక్షణం ఒక ముఖ్యమైన కారణం. వరి గిట్టుబాటు కాకపోవడం ఇంకో కారణం. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించింది 2011లో.

ఇప్పుడు ఒక పంట వెనక ఎన్ని దేశాలున్నాయో చూడండి. తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో చెన్నై వస్తాయి. నీలాంకరైలోని ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకే రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలకు చేరతాయి. మేతలో సోయా పిండి ఉంటుంది, చేపపిండి ఉంటుంది. 2021లో సోయా ధర భగ్గుమన్నప్పుడు 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండిని దిగుమతి చేసుకోవడానికి కేంద్రం తొలిసారి అనుమతి ఇచ్చింది. మేత తయారీలో థాయ్‌లాండ్ పెట్టుబడి, పరిజ్ఞానం గట్టిగా ఉన్నాయి. మూడు నాలుగు నెలలకు పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, అవుతుంది. ప్రాసెసింగ్ ప్లాంటులో ఆడవాళ్లు తల తీసి, పెంకు ఒలిచి, సైజుల వారీగా వేరు చేస్తారు. గడ్డకట్టించిన సరుకు మైనస్ 18 డిగ్రీల కంటైనర్లలో ఓడ ఎక్కుతుంది.

ఈ కంటైనర్ గురించి ఒక మాట చెప్పాలి. 1956 ఏప్రిల్‌లో మాల్కం మెక్లీన్ అనే అమెరికా లారీల వ్యాపారి 58 లోహపు పెట్టెలను ఓడ మీద న్యూయార్క్ పక్కనున్న నూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతవరకూ బస్తా బస్తా, పీపా పీపా మోసి ఎక్కించే పని ఒక్కసారిగా క్రేన్ పనిగా మారింది. ఎగుమతి ఖర్చు ఎంత తగ్గిందంటే, దూరం ధరలో చిన్న భాగమైపోయింది. ప్రపంచీకరణ గురించి మాట్లాడేటప్పుడు 1991 సంస్కరణలనూ, 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థనూ తలుస్తాం గానీ, ఈ లోహపు పెట్టె వాటికి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. అది లేకుండా ఒక మామూలు అమెరికన్ కుటుంబం వారం మధ్యలో ఆంధ్రా రొయ్య వండుకునేది కాదు.

ఫలితం చిన్నది కాదు. 2023-24లో మన దేశం 60 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో గడ్డకట్టించిన రొయ్యలే 7 లక్షల 16 వేల టన్నులు, విలువలో దాదాపు 40 వేల కోట్లు. ఆ రొయ్యల్లో 3 లక్షల టన్నుల దాకా అమెరికాకే వెళ్లాయి. ఈ డబ్బుతో పిల్లల చదువులు సాగాయి, ఇళ్లు లేచాయి. హేచరీలు, ఐసు ఫ్యాక్టరీలు, లారీలు, ల్యాబులు అని ఒక కొత్త ఆర్థిక వ్యవస్థే తయారైంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే ఈ గొలుసులో లాభం ఎలా వస్తుందో, నష్టం ఎవరి దగ్గర ఆగుతుందో చూసినప్పుడే అసలు విషయం బయటపడుతుంది.

చైనాలో మొదలై వియత్నాం, మలేషియాల మీదుగా ఒక వింత రోగం 2012 నాటికి థాయ్‌లాండ్ చేరింది. సీడ్ (రొయ్య పిల్ల) వదిలిన కొన్ని వారాల్లోనే రొయ్యలు చచ్చిపోయేవి. విషం తయారు చేసే ఒక రకం విబ్రియో బ్యాక్టీరియా దీనికి కారణమని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. అప్పటికే థాయ్‌లాండ్ దిగుబడి కుప్పకూలింది. ప్రపంచ మార్కెట్‌లో కొరత, ధరల మంట. సరిగ్గా అప్పుడే చేతికొస్తున్న మన వనామీకి మంచి రేటు పలికింది. మన ఊళ్లలో చెప్పుకునే ఆ బంగారు రోజుల్లో ఒక వాటా థాయ్ రైతు కన్నీళ్లదని మనలో ఎంతమందికి తెలుసు? ఎదుగుదలను ఆపేసే మరో సూక్ష్మజీవి, రైతులు ఈహెచ్‌పీ అని పిలిచేది, తర్వాత మన చెరువుల్లోకీ వచ్చింది. రొయ్య చావదు, మేత తింటుంది, పెరగదు. రైతుకు అంతకంటే నరకం ఇంకోటి లేదు.

ఇక 2025కి వద్దాం. ఏప్రిల్ 2న అమెరికా భారత సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించింది. వారం తిరగకుండానే దాన్ని 90 రోజులు వాయిదా వేసింది. కానీ ఆ వారంలోనే గోదావరి జిల్లాల్లో రొయ్య ధర పడిపోయింది. వసూలే కాని పన్ను చెరువు గట్టు మీద అప్పుడే వసూలైపోయింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది. ఆగస్టు 27 నాటికి మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల మీద అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా అమ్ముతున్నారని వేసేది), 2024లో వేసిన 5.77 శాతం ప్రతిసుంకం (ప్రభుత్వ సబ్సిడీలకు విరుగుడుగా వేసేది) దీనికి అదనం. పోటీదారు ఈక్వెడార్ మీద అదే ఆగస్టులో కొత్తగా పడిన సుంకం 15 శాతం.

చట్టం ప్రకారం సుంకం కట్టేది అమెరికాలోని దిగుమతిదారు. మరి భారం ఇక్కడికెలా వచ్చింది? పన్ను ఎవరి పేరున కట్టినా, దాని బరువు పక్కకు తప్పుకోలేనివాడి మీదే ఎక్కువగా పడుతుందని ఆర్థికశాస్త్రం చెబుతుంది. దిగుమతిదారు ఈక్వెడార్ నుంచి కొనుక్కోగలడు. ఇక్కడి ఎగుమతిదారు సరుకును కోల్డ్ స్టోరేజీలో నెలల పాటు ఉంచుకోగలడు, చైనాకో ఐరోపాకో మళ్లించగలడు. రైతు సంగతి వేరు. 50 కౌంట్‌కు (కిలోకు 50 తూగే సైజుకు) వచ్చిన రొయ్య చెరువులో ఉన్నంత కాలం మేత తింటూనే ఉంటుంది, సాగు ఖర్చులో సగం దాకా మేతదే. రొయ్య పెద్దదయ్యే కొద్దీ నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు రాత్రి తానే దాన్ని వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో అది అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే చెరువులోని రొయ్యలన్నీ చచ్చిపోతాయి. రోగం కనిపిస్తే ఆ రోజే పట్టుబడి చేయాలి. మేత అప్పుగా ఇచ్చిన డీలరు, లీజు ఇచ్చిన భూమి యజమాని, వాళ్ల గడువులు వాళ్లవి. రేటు బాగుపడే దాకా ఆగే దారి ఈ గొలుసులో అందరికంటే తక్కువగా ఉన్నది రైతుకే. అందుకే దెబ్బ అక్కడ ఆగుతుంది.

రైతు కింద ఇంకొకరున్నారు. ప్లాంటుకు సరుకు రాకపోతే ఒలిచే పని ఉండదు, ఆ రోజు కూలీ ఉండదు. చెరువు పక్క వరి రైతుకు ఊట ఉప్పు తప్పదు, రొయ్య ధర పెరిగినా అతనికి దక్కేది ఏమీ లేదు. తీరంలో రొయ్యల సాగు మీద 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చినప్పుడు ముందుకొచ్చిన ప్రశ్నల్లో ఇవీ ఉన్నాయి. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీర ఆక్వాకల్చర్ అథారిటీని నిలబెట్టింది. మంచినీటి కాలువల పక్క ఊళ్లలో మాత్రం ఆ ప్రశ్నలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

అవతలి ఒడ్డున కూడా ఇలాంటి మనిషే ఉన్నాడు. లూసియానా తీరంలో పడవ వేసుకుని రొయ్యలు పట్టే జాలరికి డీజిల్ ఖర్చులు పెరిగాయి, దిగుమతి రొయ్య వల్ల ధర పడిపోయింది. అమెరికాలో తినే రొయ్యల్లో 90 శాతానికి పైగా బయటివే. 2005లో యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది ఆ జాలర్ల పోరాటం వల్లే. వాళ్ల కోపం అబద్ధం కాదు. కానీ ఇరవై ఏళ్లుగా వాళ్ల బతుకును ఏ సుంకమూ పూర్తిగా నిలబెట్టలేకపోయింది. ఒక దేశం మీద వేస్తే సరుకు ఇంకో దేశం నుంచి వచ్చింది.

ప్రపంచీకరణ మంచిదా చెడ్డదా అని వాదించడం కంటే, రైతు నాలుగు వారాలు ఆగగలిగేలా ఏం చేయాలని అడగడం ఉపయోగమని నేను నమ్ముతాను. దారులు లేకపోలేదు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ (సీబా) శాస్త్రవేత్తలు మన సొంత తెల్ల రొయ్యను జన్యుపరంగా మెరుగుపరిచే పనిలో ఉన్నారు. అది ఫలిస్తే తల్లి రొయ్య కోసం ఒక్క దేశం వైపు చూడాల్సిన పని తగ్గుతుంది. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో రొయ్య ఇంకా ఖరీదైన వంటగానే ఉంది. చెరువు దగ్గర ధర పడినప్పుడు కూడా అక్కడ తినేవాడికి పెద్దగా తగ్గదు. మధ్యలో శీతల రవాణా సరిగ్గా ఉంటే ఎగుమతి ఆగిన సరుకులో కొంతైనా ఇక్కడే అమ్ముడవుతుంది. 2024లో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో ఆక్వా బీమా ప్రీమియంలో 40 శాతం ప్రోత్సాహకంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. అది లీజు రైతుకు అందాలంటే కౌలు కాగితం చేతిలో ఉండాలి. చాలా ఊళ్లలో ఆ ఒప్పందం నోటిమాటగానే నడుస్తోంది.