పిడికెడు మట్టి, పన్నెండు మీటర్ల గొడుగు

దేవరకొండ దగ్గర మా మేనమామకు నాలుగెకరాల ఎర్ర చెల్క ఉంది. మృగశిరలో వాన పడగానే గడ్డపారతో జానెడు లోతు తవ్వుతాడు. అడుగున ఉన్న మట్టి తీసి పిడికిట్లో బిగిస్తాడు. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కగానే పొడిపొడిగా రాలితే పదునైనట్టు, అంటే విత్తడానికి సరిపడా తడి ఉన్నట్టు. ముద్దే కట్టకపోతే, ‘‘ఇంకో వాన పడాలె. ఇప్పుడు పత్తి గింజ పెడితే మాడిపోతది’’ అంటాడు.

ఆ పదునును కూడా 747 కిలోమీటర్ల పైనుంచి చూడగల ఒక ఉపగ్రహాన్ని నాసా, ఇస్రో కలిసి కట్టాయి. పేరు నిసార్. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద వెళ్లింది.

దానిలో ఉన్నది కెమెరా కాదు, రాడార్. తనే రేడియో తరంగాలు కిందికి పంపి, నేలకు తగిలి తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది. మబ్బు పట్టినా, చీకటైనా దానికి ఫరక్ పడదు. తడి మట్టి పొడి మట్టి కన్నా ఎక్కువ తరంగాలను వెనక్కి కొడుతుంది. అయితే దుక్కిలో లేచిన గడ్డలూ అలాగే కొడతాయి, ఆ లెక్క విడదీయడమే కష్టం.

రాడార్లు రెండు. నాసాది ఎల్‌-బ్యాండ్: దాదాపు 24 సెంటీమీటర్ల తరంగం, ఆకులను దాటుకుని నేలదాకా దిగుతుంది. ఇస్రోది ఎస్‌-బ్యాండ్: సుమారు 10 సెంటీమీటర్లది, పైరు దగ్గరే ఎక్కువగా ఆగుతుంది. రెండింటికీ యాంటెన్నా ఒక్కటే. బంగారు పూత తీగల వల, గొడుగులా విచ్చుకుంటే 12 మీటర్ల వెడల్పు.

నాగలి ఒకరిది, ఎద్దులు ఒకరివి అయితే సేద్యం ఎలా ఉంటుందో మన దగ్గర చెప్పక్కర్లేదు. 2014లో ఒప్పందం రాసుకున్నారు. రాడార్లను కాలిఫోర్నియాలో కలిపి, 2023లో బెంగళూరు తెచ్చి ఉపగ్రహానికి బిగించారు. అంతా అయ్యాక కొత్త టెన్షన్: ముడుచుకుని ఉన్నప్పుడు ఆ గొడుగు ఎండకు మరీ వేడెక్కవచ్చని తేలింది. దాన్ని మళ్లీ కాలిఫోర్నియా పంపి, వేడిని తిప్పికొట్టే పూత వేయించారు. 2024లో ఎగరాల్సింది ఏడాది వెనక్కి జరిగింది. అదును తప్పినా సరే, పదును చూసుకున్నారు. నా లెక్కలో అదే మంచి పొత్తు.

నిసార్ 12 రోజులకోసారి అదే దారికి తిరిగొస్తుంది, సమాచారం అందరికీ ఉచితం. ఇదంతా ఫోన్‌లో బొమ్మలతో మామకు చూపించాను. ఆయన అడిగింది ఒక్కటే: ‘‘అది చూసేది పైతడా, లోతడా?’’

‘‘పైన నాలుగైదు సెంటీమీటర్లే, మామా.’’

ఆయన గడ్డపార భుజానేసుకుని చేనుకు బయల్దేరాడు.