ఉక్కు బురుజా, అక్రిలిక్ గుమ్మటమా: బుల్లి సబ్‌మెరైన్ కిటికీ వెనకున్న కథ

1960 జనవరి 23. పసిఫిక్‌లోని మరియానా అగాధంలోకి ట్రియెస్టె అనే లోతునీటి వాహనం దిగుతోంది. లోపల ఇద్దరే: జాక్ పికార్డ్, అమెరికా నేవీ లెఫ్టినెంట్ డాన్ వాల్ష్. సుమారు తొమ్మిది వేల మీటర్ల లోతున ఫట్‌మని పెద్ద చప్పుడైంది, గోళమంతా అదిరింది. కొలత పరికరాలేమీ తేడా చూపించకపోవడంతో దిగడం ఆపలేదు. అడుగుకి చేరాక గానీ తెలియలేదు, పగుళ్లిచ్చింది ప్రవేశ సొరంగానికి ఉన్న ప్లెక్సీగ్లాస్ (అక్రిలిక్) కిటికీ అని.

వాళ్లు కూర్చున్నది 12.7 సెంటీమీటర్ల మందమున్న ఉక్కు గోళంలో కాబట్టి అప్పటికప్పుడు వచ్చిన ముప్పేమీ లేదు. అసలు చిక్కు పైకొచ్చాక. దిగేటప్పుడు ఆ సొరంగం నిండా నీళ్లుంటాయి. తేలాక గాలి కొట్టి వాటిని గెంటేస్తేనే మనిషి బయటికి రాగలడు. కిటికీ పూర్తిగా ఊడి ఉంటే, ఒడ్డు చేరినట్టే చేరి లోపలే చిక్కుకుపోయేవాళ్లు. అదృష్టం, అది ఆగింది.

చిన్న సబ్‌మెరైన్ కట్టేవాళ్లు టవర్ దగ్గరకొచ్చేసరికి పడే మల్లగుల్లాల్లో ఈ సంఘటన నీడ ఉంది. టవరంటే పైన పొడుచుకొచ్చే మెడ. నీటిపై తేలుతున్నప్పుడు నడిపేవాడి తల ఉండేది అందులోనే, ఎక్కి దిగే హ్యాచ్ ఉండేదీ అక్కడే. దాన్ని ఉక్కుతో చేసి నాలుగు చిన్న కిటికీలు పెట్టాలా, మొత్తం పారదర్శకమైన అక్రిలిక్‌తోనే పోయాలా? విశాఖ బీచ్‌లో కురుసుర ఎక్కినవాళ్లకి ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. యుద్ధ జలాంతర్గామికి కిటికీలుండవు, పెరిస్కోపే కళ్లు. చూడటానికే మునిగే పడవల గొడవ వేరు.

ఆ గొడవ 1930ల నాటి బాతిస్ఫియర్‌తో మొదలైంది. విలియం బీబ్, ఓటిస్ బార్టన్ బెర్ముడా దగ్గర దిగిన ఆ ఉక్కు గోళానికి పెట్టినవి ఫ్యూజ్డ్ క్వార్ట్జ్ కిటికీలు. వెడల్పు 20 సెంటీమీటర్లు, మందం ఏడున్నర. 1932లో కొత్త కిటికీ బిగించి, మనుషుల్లేకుండా ముంచి తీస్తే గోళం నిండా నీళ్లు. తలుపు మధ్య బోల్టు వదులు చేయబోతే అది తుపాకీ గుండులా డెక్ మీదుగా దూసుకెళ్లి విన్చ్ ఉక్కుని గీరేసింది. లోపల ఇరుక్కున్న నీళ్ల ఒత్తిడి అంత. మనిషి దాని ఎదురుగా లేకపోబట్టి సరిపోయింది.

క్వార్ట్జ్ గట్టిదే, కానీ పెళుసు. ఎక్కడైనా ఒక చోట బరువెక్కువ పడితే చెప్పకుండా విరుగుతుంది. జాక్ తండ్రి ఆగస్ట్ పికార్డ్ అందుకే అక్రిలిక్ వైపు తిరిగాడు, దాన్ని శంఖువు తెగ్గోసినట్టు చేయించాడు. వెడల్పు ముఖం నీటివైపు, ఇరుకు ముఖం లోపలికి. లోతు పెరిగేకొద్దీ సీసాలో బిరడాలా ఇంకా బిగుస్తుంది. అక్రిలిక్ కాస్త సాగి బరువు సర్దుకుంటుంది. నా మటుకు ఈ కథలో అన్నిటికన్నా తెలివైన పని అదే.

తర్వాతి వంతు చిన్న పడవలది. ఫ్లోరిడాలో పత్రికల యజమాని జాన్ పెర్రీ కట్టిన 'కబ్‌మెరైన్'లు, మెయిన్ రాష్ట్రంలో మాజీ నేవీ కెప్టెన్ జార్జ్ కిట్రెజ్ చేసిన కే-250 లాంటివన్నీ ఉక్కు టవర్లవే, దాని చుట్టూ చిన్న కిటికీలు. 1966లో స్పెయిన్‌లోని పలోమరెస్ దగ్గర సముద్రంలో పడిన హైడ్రోజన్ బాంబు వెతుకులాటలో పెర్రీ పడవా ఒకటి పాల్గొంది. కే-250 పేరులోని అంకె 250 అడుగుల లోతు, అంటే 76 మీటర్లు. అక్కడ 20 సెంటీమీటర్ల కిటికీ ఒక్కదాని మీదే దాదాపు 2,400 కిలోల బరువు పడుతుంది. ఉక్కుకి కన్నం పెట్టిన ప్రతిచోటా చుట్టూ మందపాటి రింగు వెల్డింగ్ చేయాల్సింది అందుకే. కిటికీలు పెంచుకుంటూ పోతే బరువు తలకెక్కుతుంది, పడవ ఒరగడం మొదలెడుతుంది.

కిటికీ పెట్టడం కాదు, గదినే కిటికీ చేద్దామన్నది అమెరికా నేవీ ఇంజనీరు జెర్రీ స్టాచివ్ బృందం. పన్నెండు పంచకోణపు అక్రిలిక్ ముక్కలు అతికించి 168 సెంటీమీటర్ల గోళం చేశారు, మందం 6.35 సెంటీమీటర్లు. 1970లో అదే 'నీమో', లోతు 600 అడుగులు. మరుసటి ఏడు వచ్చిన జాన్సన్ సీ లింక్ ముందు భాగం కూడా అక్రిలిక్ గోళమే. ఇప్పుడు ట్రైటన్, యూ-బోట్ వర్క్స్ అమ్ముతున్న గాజుబుడగల్లాంటి సబ్‌మెరైన్లు ఆ వంశంవే.

అక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49, నీటిది 1.33, పెద్ద తేడా లేదు. మంచి గోళంలో కూర్చుంటే గోడ ఉన్నట్టే అనిపించదు. చదునైన చిన్న కిటికీలోంచి అయితే చేప ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. సాంద్రతా కలిసొస్తుంది: ఉక్కుది నీటికి ఎనిమిది రెట్లకి దగ్గర, అక్రిలిక్‌ది 1.19. ఇన్ని లాభాలుండగా ఉక్కు ఇంకా ఎందుకంటే, జెట్టీకి గుద్దుకుంటే ఉక్కు సొట్ట పడుతుంది, అక్రిలిక్ బీట వారుతుంది. ఎండకి, చలికి అక్రిలిక్ ఉక్కు కన్నా ఆరు రెట్లు ఎక్కువగా వ్యాకోచించి సంకోచిస్తుంది కనుక ఆ రెండూ కలిసే అంచు దగ్గర నీళ్లు చొరబడకుండా పెట్టే రబ్బరు ఓ-రింగుకి తీరిక ఉండదు. శుభ్రం చేద్దామని స్పిరిట్ పెట్టి తుడిస్తే వెంట్రుకల్లాంటి గీతలు లేస్తాయి. ఎప్పుడూ బరువు మోస్తూ ఉంటే మెల్లగా వంగుతుంది కూడా.

1977లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం మనుషులుండే ఒత్తిడి గదుల కోసం తెచ్చిన పీవీహెచ్‌ఓ-1 నియమావళి ఇవన్నీ లెక్కలోకి తీసుకుంది. దాని ప్రకారం మామూలుగా అక్రిలిక్ కిటికీ డిజైన్ ఆయుష్షు 10 ఏళ్లు. అంచనాలో అసలు తేడా ఇక్కడుంది. ఉక్కు టవర్‌కి తుప్పు గీకి, రంగేసి, మందం కొలిచి ఇంకో పదేళ్లు నడిపించొచ్చు. అక్రిలిక్ టవర్ కొన్నవాడు మాత్రం మళ్లీ కొనడానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి. చాలామంది మధ్యేమార్గం పడతారు: మెడ ఉక్కుది, పైన హ్యాచ్ మాత్రం అక్రిలిక్ గుమ్మటం.

మరీ లోతుకెళ్తే ఈ ఎంపికే ఉండదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) 6,000 మీటర్లకి తయారుచేస్తున్న మత్స్య-6000 గోళం టైటానియంది, లోపలి వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. దానికున్నవి మళ్లీ చిన్న కిటికీలే.

పాత బుల్లి సబ్‌మెరైన్ బేరానికి వచ్చినవాడు బ్యాటరీల సంగతి తర్వాత అడుగుతాడు. ముందు టార్చి వేసి కిటికీ అంచున చెక్కిన సంవత్సరం వెతుకుతాడు.