పసిగుండె ఆపరేషన్‌కు ఒళ్లు చల్లబరచడం ఎలా మొదలైంది?

పుట్టిన బిడ్డకు గుండె ఆపరేషన్ అంటేనే ఇంటిల్లిపాదికీ టెన్షన్. విజయవాడలోనో గుంటూరులోనో డాక్టరు గారు 'ఒళ్లు బాగా చల్లబరచి చేస్తామమ్మా' అంటే తల్లి గుండె జారిపోతుంది. చలిగాలి సోకకుండా పొత్తిళ్లలో దాచుకున్న బిడ్డ మరి! కానీ దీని వెనుక డెబ్బయ్యేళ్లు దాటిన అనుభవం ఉంది.

ఒళ్లు చల్లబడితే మెదడుకూ గుండెకూ ఆక్సిజన్ అవసరం బాగా తగ్గుతుంది. కెనడాలో విల్‌ఫ్రెడ్ బిగెలో 1950లో కుక్కల మీద ఇది చూపించారు. 1952 సెప్టెంబరు 2న అమెరికాలోని మిన్నెసోటాలో జాన్ లూయిస్ అయిదేళ్ల పాపను దాదాపు 28 డిగ్రీలకు చల్లబరిచి, గుండెకు రక్తం రాకుండా అయిదారు నిమిషాలు ఆపి, లోపలి రంధ్రం మూశారు. ఆపరేషన్ జరిగేంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని తానే చేసే హార్ట్ లంగ్ మెషీన్‌తో ఆపరేషన్ విజయవంతమైంది ఆ మరుసటి ఏడాదే.

నెలలోపు బిడ్డ గుండె ఉసిరికాయంత. ఆ మెషీన్ ట్యూబులు అడ్డం లేకుండా కుట్లు వేయాలంటే ఎలా? ఆక్లండ్‌లో బ్రయన్ బారట్ బోయెస్ 1960ల చివర్లో శిశువులను ఇంకా చల్లబరిచి, రక్తప్రసరణ పూర్తిగా ఆపి ఆపరేషన్లు చేశారు. ఈ పద్ధతిలో ఒంటి వేడిని 18-20 డిగ్రీల దాకా దించుతారు. ఎందరో పిల్లలు బతికారు. మరి మెదడు సంగతి? బోస్టన్‌లో 171 మంది శిశువులను పరిశీలించి 1993లో ఫలితాలు ప్రకటించారు. ప్రసరణ పూర్తిగా ఆపిన పిల్లల్లో ఫిట్స్ ఎక్కువగా కనిపించాయి. అప్పటి నుంచి ఆపే సమయం తగ్గించడం, వీలైతే మెదడుకు కొంతైనా రక్తం పంపడం మీద డాక్టర్ల పట్టు పెరిగింది. కొన్ని ఆపరేషన్లలో అంత చల్లదనం అవసరమే లేదంటున్నారు.

నాకు ముఖ్యమనిపించేది మళ్లీ వెచ్చబరిచే ఘట్టం. ముక్కులో వేడి కొలిచే సెన్సార్ ఒకటి, మలద్వారంలో మరొకటి ఉంటాయి. రెండూ ఒకే అంకె చూపవు. తల ముందు వేడెక్కుతుంది, కింది భాగం వెనకబడుతుంది. అందుకే హార్ట్ లంగ్ మెషీన్ నడిపే నిపుణుడు, అంటే పెర్ఫ్యూజనిస్ట్, తొందరపడకుండా, రక్తం 37 డిగ్రీలు దాటకుండా చూస్తాడు. అలసిన మెదడుకు అదనపు వేడి చేటు. ఐసీయూలో జ్వరం రానివ్వకపోవడమూ అందుకే.

థియేటర్ బయట చలి మాత్రం శత్రువే. పసిబిడ్డ పెద్దల్లా వణికి వేడి పుట్టించుకోలేదు. ఒంట్లోని ప్రత్యేకమైన కొవ్వును కరిగించుకోవాలి, దానికి ఆక్సిజన్ మరింత కావాలి. గుండె జబ్బున్న బిడ్డకు అది మోయలేని భారం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, బ్రిటన్‌కు చెందిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ బృందాలు విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌కు వచ్చి ఆపరేషన్లు చేస్తుండటంతో పేద బిడ్డలకూ దారి దొరికింది. పల్నాడు నుంచి బిడ్డను తెచ్చేవాళ్లు అంబులెన్సులో ఏసీ తగ్గించమని, తలకు టోపీ ఉంచమని గట్టిగా అడగండి. డాక్టరు గారిని కూడా 'ఎన్ని డిగ్రీలకు చల్లబరుస్తారు, ప్రసరణ ఆపుతారా, ఆపితే ఎంతసేపు' అని మొహమాటపడకుండా అడగండి.